ఇంట్లో ఉంటే మిగిలేది

నర్సీపట్నం,
9 జూన్ 2025.

మేనేజరు గారికి, జోగులు దండాలు పెట్టి రాస్తున్నది.

నా చేతిరాత బాగుండదు. తప్పులు కూడా ఉంటాయి. ముందే క్షమించమని అడుగుతున్నాను. అయిదో తరగతితో బడి మానేశాను. తాండవ కాలవ మీద ముప్పై ఏళ్లు లస్కరుగా చేశాను. లస్కరంటే కాలవ తలుపులు ఎత్తి దించేవాడు. ఆ ఉద్యోగంలో నేను రాసింది రోజుకి ఒక లైను. నీళ్లు ఎన్ని అడుగులు, తలుపు ఎన్ని అంగుళాలు. అంతే. ఇంత పొడుగు ఉత్తరం ఎవరికీ రాయలేదు. ఫోను చేతికిస్తే నాకు గొంతు పెగలదు. అందుకని కాగితం పట్టుకున్నాను. మీ అడ్రసు కంప్యూటరు వచ్చిన అట్టపెట్టె మీద చూసి రాసుకున్నాను.

మీ కంపెనీలో ఇన్సూరెన్సు ఫోన్లు తీసే మంగకి నేను మామగారిని. రెండేళ్లుగా ఆమె మా ఇంట్లోనే కూర్చుని పని చేస్తోంది. పొద్దున్న తొమ్మిదికి తలుపు వేసుకుంటే సాయంత్రం ఆరుకి తీస్తుంది. ఒక్క రోజు నాగా లేదు.

వచ్చే నెల నుంచి వైజాగు ఆఫీసుకే రావాలని మీరు ఆర్డరు వేశారట. మంగ వచ్చి మా ఆవిడ రాజులమ్మతో చెప్పింది. "ఏటి సేత్తాం అత్తా, ఆఫీసోళ్లు రమ్మంతన్నారు. ఎల్లకపోతే ఊరుకోరు" అంది. తల దించుకుని చెప్పింది. ఆ పిల్ల మొహం పైకెత్తలేదు. చూసి నాకు అన్నం సహించలేదు.

మా ఇళ్లలో కోడలు మామగారితో సూటిగా మాట్లాడదు. నేనూ మాట్లాడను. ఏదున్నా రాజులమ్మ మీదుగా రావాలి. కాబట్టి నేను అడిగి తెలుసుకున్నది కాదు. చూసి తెలుసుకున్నది.

మా అబ్బాయి చిట్టిరాజు అనకాపల్లి అవతల మందుల కంపెనీలో షిఫ్టులు చేస్తాడు. పదిహేను రోజులకి ఒక ఆదివారం వస్తాడు. మంగ వైజాగు పోతే ఏదో హాస్టల్లో ఒక్కతీ ఉండాలి. బస్సు మీద రోజూ తిరుగుదామంటే వెళ్లడానికి మూడు గంటలు, రావడానికి మూడు గంటలు. వచ్చిన జీతం దారిలోనే పోతుంది. ఇంట్లో ఉంటే నాలుగు డబ్బులు మిగులుతాయి.

ఆమెని ఇక్కడే ఉండనివ్వండి. ఇది నేను రాసినట్టు మంగకి తెలియదు. మీరూ చెప్పకండి.

ఇట్లు,
జోగులు


విశాఖపట్నం,
18 జూన్ 2025.

పెద్దలు జోగులు గారికి, నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. నేను మేనేజరుగా వచ్చాక ఈ ఆఫీసుకి చేతిరాతతో వచ్చిన మొదటి ఉత్తరం మీదే. గేటు దగ్గర సెక్యూరిటీ అతను దీన్ని ఏ రిజిస్టర్లో ఎక్కించాలో తెలియక అరగంట తన దగ్గరే ఉంచుకున్నాడు. మాది మీకు దగ్గర్లోని కోటవురట్ల. మా నాన్నగారి చేతిరాత కూడా ఇలాగే కుడివైపుకి ఎక్కుతూ ఉండేది. కాబట్టి క్షమాపణ అక్కర్లేదు. కాగితం మీదే జవాబివ్వాలనిపించింది.

మంగ గారు చక్కగా పనిచేస్తారు. ఎవరెవరు ఆఫీసుకి రావాలి, ఎవరు ఇంటి నుంచి చేయాలి అన్న జాబితా ఇంకా ఖరారు కాలేదు. మీరు పెద్దవారు, ఇంత దూరం ఆలోచించి రాశారు కాబట్టి నా వంతు ప్రయత్నం చేస్తాను.

ఒక్క సాయం కావాలి. మా పైవాళ్లు అంకెలు తప్ప మరేమీ చదవరు. ఇంటి నుంచి పనిచేయడం వల్ల మంగ గారికి డబ్బు రూపంలో ఏమేం కలిసి వస్తున్నాయో వివరంగా రాసి పంపండి. దాన్ని నా నోటుతో జతచేసి పైకి పంపిస్తాను.

భవదీయుడు,
గణేశ్వరరావు


నర్సీపట్నం,
26 జూన్ 2025.

గణేశ్వరరావు గారికి, జోగులు నమస్కారం.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మీది కోటవురట్ల అన్నారు. అయితే మీరు మావాళ్లే. చాలా ధైర్యం వచ్చింది.

అడిగినవి రాస్తున్నాను. వీధి అరుగు మీద కూర్చుని వేళ్లు మడుచుకుంటుంటే రాజులమ్మ తొంగి చూసింది. "ఏటయ్యా అంతలా రాత్తన్నావు? ఆస్తి ఎవుల పేరన రాసేత్తన్నావేటి?" అంది. ఉన్నది ముప్పై సెంట్లు. పింఛను కాగితాలని చెప్పి తప్పించుకున్నాను.

వైజాగు బస్సుకి పోను రాను, దిగాక ఆటోలకి కలిపి రోజుకి నాలుగు వందలకి తక్కువ అవదు. అది పూర్తిగా మిగులు. హాస్టలయితే నెలకి ఆరేడు వేలు అడుగుతారని బస్టాండులో టీ కొట్టు బుల్లిబాబు చెప్పాడు. వాళ్ల మేనకోడలు అక్కడ ఉంటోంది. తిండి బాగోదట, బయట టిఫిన్లు కొనుక్కోవాలట. అదీ మిగులే.

బట్టల ఖర్చు లేదు. ఆఫీసుకి వెళ్తే వారానికి ఆరు మంచి చీరలో డ్రెస్సులో కావాలి. ఇక్కడ కంప్యూటరులో నడుము వరకే కనబడుతుందట. చెప్పులు కూడా ఏడాదిగా అవే. ఎండలో తిరగదు కాబట్టి ఒంట్లో బాగుంటుంది, డాక్టరు ఖర్చు లేదు.

ఇంకా చెప్పాలంటే బియ్యం మా మడిలోవి. ఆనపకాయ, బీర, వంకాయ దొడ్లోవి. పాలు మా గేదెవి. రెండు పూటలా చిక్కటి పాలు. మా కోడలు ఒక్క రూపాయి తీసి బజారులో కొనుక్కోవలసిన పని లేదు. మేం ఉన్నవాళ్లం కాకపోవచ్చు. కానీ మా ఇంటికి వచ్చిన పిల్లకి లోటు చేశామని ఎవరూ అనలేరు. జీతంలో సగం రాకపోయినా మా ఇంట్లో ఆమెకి ఆ సంగతి తెలియనే తెలియదు.

ఇవి చాలనుకుంటాను. తక్కువయితే చెప్పండి, ఇంకా గుర్తు చేసుకుని రాస్తాను.

ఇట్లు,
జోగులు


విశాఖపట్నం,
14 జులై 2025.

జోగులు గారికి, నమస్కారాలు.

మీరు కోరినట్టే జరిగింది. మంగ గారు ఇకమీదట కూడా ఇంటి నుంచే పనిచేయవచ్చు.

మరొక విషయం కూడా తెలియజేయాలి. మీ ఉత్తరాన్ని ఇంగ్లీషులోకి మార్పించి, అసలు ఉత్తరం ఫోటోతో సహా పైకి పంపాను. పైవాళ్లు చాలా శ్రద్ధగా చదివారు. ముఖ్యంగా జీతంలో సగం రాకపోయినా ఆమెకి తెలియదన్న మాట. ఇంటి నుంచి పనిచేసేవారికి ఇంత కలిసి వస్తున్నప్పుడు నగరంలో ఉండేవారికి ఇచ్చే అలవెన్సు వారికి కూడా ఎందుకివ్వాలన్న చర్చ కొన్నాళ్లుగా ఉంది. ఇప్పుడు తేల్చేశారు. ఆగస్టు ఒకటి నుంచి మంగ గారి జీతంలో నెలకి అయిదు వేల ఎనిమిది వందలు తగ్గుతుంది. ఇలాంటి మరో నలభై మందికి కూడా తగ్గుతుంది. ఆ మేరకు మంగ గారికి మెయిల్ వెళ్లింది. ఆధారంగా మీ ఉత్తరం ఫోటో జతచేశారు. అది నా చేతిలో లేని విషయం.

మీరు రాసిన ప్రకారం చూస్తే దీనివల్ల ఇంట్లో ఇబ్బంది ఉండదని అనుకుంటున్నాను.

భవదీయుడు,
గణేశ్వరరావు


నర్సీపట్నం,
22 జులై 2025.

మేనేజరు గారికి,

అక్షరాలు వంకరగా ఉంటే వయసు వల్ల కాదు. కోపం వల్ల.

మెయిలు వచ్చిన రోజు మంగ ఫోను తీసుకెళ్లి రాజులమ్మకి చూపించింది. రాజులమ్మకి చదువు రాదు, కానీ నా చేతిరాత పోల్చుకుంటుంది. మంగ చదివి వినిపించింది. నేను అరుగు మీదే ఉన్నాను. అంతా వినబడింది.

రాజులమ్మ బయటికి వచ్చి నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది. "జీతం సగం రాకపోయినా తెలవదన్నావట. అంత దానకర్ణుడివైతే నీ పింఛను సగం రాసీలేకపోనావా? ఆ గుంట జీతమే దొరికిందేటి నీకు?" అంది.  

మంగ మాత్రం నా కంచంలో అన్నం పెట్టి వెళ్లిపోయింది. రోజూ "మావయ్యకి మారు కావాలేమో అడగండత్తా" అని లోపలి నుంచి గొంతు వచ్చేది. ఆ రోజు రాలేదు. ఈ రోజు వరకు రాలేదు.

ఇప్పుడు నిజం రాస్తాను. రాయడానికి సిగ్గుగా ఉంది.

మాకు గేదె లేదు. మార్చి నెలలోనే అమ్మేశాం. రోజూ పది గంటలకి అరిచేది. ఎక్కడి నుంచో ఒకాయన ఫోనులో "అదేం చప్పుడమ్మా, ఆఫీసా సంతా" అన్నాడట. మంగకి మార్కులు కోశారు. వారం తిరక్కుండా నాతవరం వాళ్లకి తోలేశాను. పాలు ఇప్పుడు ప్యాకెట్టువి. గేదె లేని ఇల్లని మీకు రాయబుద్ధి కాలేదు. మీది కోటవురట్ల అన్నారు. మనవాళ్ల దగ్గర తక్కువ కాకూడదనుకున్నాను. అంతే.

కోళ్లు కూడా లేవు. పంచిపెట్టేశాం. మంగ కూర్చునే గది నా గది. నా మంచం వీధి అరుగు మీదకి వచ్చింది. వాన వస్తే మంచం తీసి నిలబెట్టి నేనూ పక్కన నిలబడతాను. తొమ్మిది నుంచి ఆరు వరకు రాజులమ్మ మిక్సీ వేయదు, కుక్కరు పెట్టదు. పొద్దున్న వండినది చల్లారినాక తింటాం. నాకు దగ్గు వస్తే వీధి చివర కరెంటు స్తంభం వరకు నడిచి దగ్గి వస్తాను. కరెంటు బిల్లు మూడింతలైంది. కరెంటు పోతే పని ఆగకూడదని బ్యాటరీ పెట్టె కొన్నాం. వైరు కనెక్షనుకి నెలనెలా కడుతున్నాం. ఇవేవీ నేను ముందు రాయలేదు. మీరు మిగిలినవి అడిగారు. పోయినవి అడగలేదు.

మీ ఆఫీసులో కుర్చీకి, దీపానికి, గదికి మీరు డబ్బు పెట్టాలి. ఇక్కడ మేం పెడుతున్నాం. పైగా మేమే లాభపడ్డామని జీతం కోశారు. ఇదెక్కడి లెక్క? నేను చదువుకోలేదు. చదువుకున్న మీరు చెప్పండి.

నేను లాభాలు రాసిన ఉత్తరం అబద్ధమని పైవాళ్లకి చెప్పండి. ముసలాడు గొప్పకి పోయి రాశాడని చెప్పండి. ఆ అయిదు వేల ఎనిమిది వందలు ఆమెకి తిరిగి వేయించండి. మిగతా నలభై మందికి కూడా. వాళ్ల ఇళ్లలో మామగార్లు నా పేరు పెట్టి ఏమని తిడుతున్నారో.

జోగులు


పోస్టుకార్డు
నర్సీపట్నం, 4 ఆగస్టు.

గణేశ్వరరావు గారికి. నా ఉత్తరానికి జవాబు లేదు. ఒకటో తారీకున తగ్గించిన జీతమే ఖాయమని మంగకి కాగితం వచ్చింది. మంగ ఇప్పుడు నాకు అన్నం కూడా పెట్టడం లేదు, రాజులమ్మే పెడుతోంది. కార్డు మీద రాస్తున్నాను కాబట్టి దారిలో ఎవరైనా చదివినా నాకు అభ్యంతరం లేదు. జోగులు.


విశాఖపట్నం,
9 ఆగస్టు 2025.

జోగులు గారికి,

మీ కార్డు నిజంగానే దారిలో అందరూ చదివారు. నా టేబుల్ మీదకి వచ్చేసరికి ఆఫీసులో సగం మందికి నోటికి వచ్చేసింది.

మీ మీద నాకు కోపం లేదని అనలేను. మొదట ఒకటి రాస్తారు, తర్వాత అది అబద్ధమంటారు. ఇప్పుడు మీ జులై ఉత్తరం పైకి పంపితే, ఇంట్లో పనికి తగిన వీలు లేదట కదా అని తనిఖీ పెడతారు. దాంతో మంగ గారి ఉద్యోగానికే ప్రమాదం. అందుకే పంపలేదు. అలవెన్సు ఒకసారి తీసేశాక వెనక్కి రాదు. ఆఫీసుకి వచ్చి పనిచేసేవారికే అది.

అయితే మీరు సిగ్గు విడిచి నిజం రాశారు. నేనూ ఒకటి దాచాను, రాస్తాను.

మేం ఏ ఆర్డరూ వేయలేదు. మే నెలలో, వైజాగు ఆఫీసులో కొన్ని కుర్చీలు ఖాళీ ఉన్నాయి, రావాలనుకునేవారు పేరివ్వండి అని అడిగాం. అందరికంటే ముందు పేరిచ్చింది మంగ గారు. అడిగిన పది నిమిషాల్లో ఇచ్చారు. మీరు "ఆర్డరు వేశారట" అని రాసినప్పుడే నాకు ఏదో తేడాగా అనిపించింది. కానీ ఇంటి వ్యవహారం, పెద్దవారి మాట, నేనెందుకు కలగజేసుకోవాలని ఊరుకున్నాను. జాబితాలో ఆమె పేరు కొట్టేసింది నేనే. ఒక్క ఫోను చేసి ఆమెని అడగలేదు. ఎక్కువ మందిని ఇళ్లలోనే ఉంచమని నాకు పైనుంచి ఒత్తిడి ఉంది. మీ ఉత్తరం నాకు అనుకూలంగా వచ్చింది. వాడుకున్నాను.

ఆఫీసులో ఇంకా రెండు కుర్చీలున్నాయి. జాబితా ఆగస్టు ముప్పైతో మూసేస్తాం. ఆమె ఎందుకు పేరిచ్చారో నాకు తెలియదు. మీకు తెలిసి ఉండాలి.

గణేశ్వరరావు


నర్సీపట్నం,
17 ఆగస్టు 2025.

గణేశ్వరరావు గారికి, జోగులు నమస్కారం.

మీ ఉత్తరం గురువారం వచ్చింది. మంగకి సెలవు ఆదివారం కదా, అంతవరకు ఆగాను. ఈ రోజు భోజనాలయ్యాక లోపలికి వెళ్లాను. మంగ చేటలో బియ్యం ఏరుతోంది. రాజులమ్మ చింతపండు గింజలు తీస్తోంది. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. కలగజేసుకున్న వాళ్లం ఇద్దరం. మీరూ వినాలి.

"ఆఫీసుకి తనే పేరిచ్చిందట. నిజమేనా, అడుగు" అన్నాను.

"మావయ్య అడుగుతున్నాడే" అంది రాజులమ్మ.

"అవునని సెప్పండత్తా."

"అవునంతంది."

"వినబడింది. ఎందుకిచ్చిందో అడుగు."

"ఎందుకిచ్చావే?"

మంగ బియ్యం ఏరుతూనే ఉంది. రాజులమ్మ ఇటు చూసింది, అటు చూసింది. "ఎటని తిరగమంతారు నన్ను? మెడ పట్టేసినాది. మూడడుగుల దూరంలో ఉన్నారు, మీకు మీరు సెప్పుకోండి. నానేటి టెలిఫోను ఆఫీసునా?" అని చింతపండు బుట్ట పట్టుకుని అటు తిరిగి కూర్చుంది.

అప్పుడు మంగ చేట కింద పెట్టింది. నా మొహం కేసి చూసింది. పెళ్లయి రెండేళ్లయింది, నాతో మాట్లాడడం అదే మొదలు.

"మావయ్యా, మీ అబ్బాయి ఆరుగురితో ఒక గదిలో ఉంతన్నారు. నాను ఇక్కడ ఒక గదిలో. గాజువాకలో ఇద్దరికీ కలిపి చిన్న గది సూసుకున్నాం. ఆయన కంపెనీకి, నా ఆఫీసుకి మద్దిన ఉంతాది. అలవెన్సు డబ్బులే దాని అద్దె. మీకు సెప్పమని ఆయన నన్నన్నారు. నువ్వే సెప్పు, మీ నాన కదా అని నానాయన్ని అన్నాను. ఇద్దరం సెప్పలేదు. ఆర్డరొచ్చిందంటే మీరేటీ అనరు కదాని ఆర్డరన్నాను."

"మరి ఆ రోజు తల దించుకున్నావు" అన్నాను.

"నవ్వొత్తాదని దించుకున్నాను."

 వైజాగు అంటే మా అబ్బాయికి దూరమనే అనుకున్నాను. దగ్గరవుతుందని తట్టలేదు. ముప్పై ఏళ్లు కాలవలో నీళ్లు ఎటు పోవాలో చూసినవాడిని.

మంగ ఆగలేదు. "బస్సు డబ్బులు మిగిలినాయని రాసారు. చీరలు మిగిలినాయని రాసారు. నాకేటి మిగిలిందో ఒక్కరైనా అడిగారా మావయ్యా? మీరు నన్నడక్కుండా ఆయనకి రాసారు. ఆయన నన్నడక్కుండా పేరు కొట్టేసారు. ఉద్దోగం నాది" అంది. గొంతు పెంచలేదు. ఫోనులో కోపంగా ఉన్నవాళ్లతో ఎలా మాట్లాడుతుందో అలాగే మాట్లాడింది. అది ఇంకా కష్టంగా అనిపించింది.

"అడగలేదు. తప్పే. ఇప్పుడు అడుగుతున్నాను. నానేటి సెయ్యాల?" అన్నాను.

"మీరేటీ సెయ్యకండి" అంది.

రాజులమ్మ అటు తిరిగే నవ్వింది. "మొదట్నుంచీ అదే సేసుంటే గేదైనా ఉండేది" అంది. ఆ మాటకి మంగ కూడా నవ్వింది. నేను నవ్వలేదు. నాకు ఇంకా కోపంగానే ఉంది. ఇప్పుడు ఎవరి మీదో మాత్రం తెలుసు.

ఒక్క ఉత్తరం రాసి ఇక మానేస్తానన్నాను. ఏం రాస్తారని మంగ అడిగింది. చెప్పాను. సరేనంది. అదే ఇది.

ఆఫీసుకి వస్తానని మంగ ఈ సాయంత్రం తనే మీకు దరఖాస్తు పంపింది. అందులో ఏముందో నేను చూడలేదు. చూపిస్తానంది, వద్దన్నాను. నేను రాసిన లాభాలన్నీ చింపేయండి. ఆ రెండు కుర్చీల్లో ఒకటి ఆమెకి ఇస్తారో ఇవ్వరో, అలవెన్సు వేస్తారో వేయరో నాకు రాయకండి. ఆమెకి రాయండి. కవరు మీద మంగ అని ఒక్క పేరే పెట్టండి. కేరాఫ్ జోగులు అని కూడా వద్దు. మాకు పోస్టు తెచ్చే సోమలమ్మకి చెప్పి ఉంచాను, మంగ చేతికే ఇవ్వమని.

ముప్పయ్యో తారీకు ఎంతో దూరం లేదు. ఆమెకి బేగి రాయండి.

ఇట్లు,
జోగులు